బంగారు పూత కేబులూ, పడవలో అన్నదమ్ములూ

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడు అడిగారు: "సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి బొమ్మ తెచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ కోసం ఒంగోలు వెళ్తే, బంగారు పూత ఉన్నది తీసుకోండి సార్, రంగులు బాగా తేలతాయి అన్నారు. ధర మామూలు దానికి ఆరింతలుంది. నిజమేనా?"

రంగుల మాటైతే నిజం కాదు. 1987లో ఐబీఎం తెచ్చిన వీజీఏ (కంప్యూటర్ తెరకు బొమ్మ పంపే పాత పద్ధతి) కాలంలో వోల్టేజీ ఎంత ఉంటే రంగు అంత. కేబుల్ నాసిరకమైతే బొమ్మ వెలిసిపోయేది, పక్కన నీడ పడేది. ఆనాటి భయం ఈనాటి కేబుల్‌కీ అంటుకుంది. గుమ్మానికి కట్టిన నిమ్మకాయ మిరపకాయల్లాగే, ఎందుకు కట్టారో మరిచిపోయినా దండ మాత్రం మారుస్తూనే ఉంటాం.

ఇప్పుడు తీగలో పోయేవి ఒకట్లూ సున్నాలే. అవి పోయే తీరు నాకు మహా ఇష్టం. కొత్తపట్నం దగ్గర సముద్రంలో ఒక పడవ, అందులో అన్నదమ్ములు. అన్న లేస్తే తమ్ముడు కూర్చుంటాడు, తమ్ముడు లేస్తే అన్న కూర్చుంటాడు. ఒడ్డున ఉన్న మీరు ఎవరి తల పైన ఉందో చూస్తే చాలు. అన్నదైతే ఒకటి, తమ్ముడిదైతే సున్నా. కెరటం పడవను ఆరడుగులు లేపినా ఇద్దరూ కలిసే లేస్తారు కాబట్టి తేడా చెడదు. అదే పడవలో ఒక్కడే ఉంటే, వాడు లేచాడో కెరటం లేపిందో మీకెలా తెలుస్తుంది?

ఆ అన్నదమ్ములే కేబుల్‌లోని తీగల జత. వంటింటి మిక్సీ, పక్కనున్న కరెంటు వైరు పుట్టించే అలజడే కెరటం. టీవీ రెండు తీగల వోల్టేజీల మధ్య తేడాను మాత్రమే చదువుతుంది. బొమ్మకు ఇలాంటి జతలు మూడు, వేగం చెప్పడానికి నాలుగోది.

పోలికను ఇంకొంచెం లాగుదాం. అన్న పడవ ముందు కొసన, తమ్ముడు వెనక చివర కూర్చుంటే కెరటం ముందు అన్ననే లేపుతుంది. అందుకని పక్కపక్కన కూర్చోవాలి, మాటిమాటికీ చోట్లు మార్చుకోవాలి. జత తీగల్ని మెలిపెట్టేది అందుకే. ఇద్దరూ ఒకే క్షణంలో కదలాలి కూడా. ఆ క్షణం ఎంతో చూడండి. సెకనుకు 60 ఫ్రేముల 4కే బొమ్మలో తెరమీద కనిపించేవి 3840×2160 చుక్కలు. ఖాళీ విరామాలు కలిపి తీగలో పోయేది 4400×2250 లెక్కన. ఒక్కో చుక్కలో ఒక్కో రంగుకు 8 బిట్లు (ఒకటి గానీ సున్నా గానీ ఒక బిట్టు), రంగుకో జత. ఆ ఎనిమిదింటిని 10గా మార్చి పంపుతారు. ఒకటి సున్నాల మధ్య గెంతులు తగ్గాలి, రెండూ దాదాపు సమానంగా ఉండాలి, అందుకే ఆ అదనపు రెండు. గుణిస్తే ఒక్కో జతలో సెకనుకు 594 కోట్ల బిట్లు! ఒక బిట్టు ఉండే సేపట్లో సంకేతం తీగలో మూడు నాలుగు సెంటీమీటర్లే పోతుంది. అంటే జతలో ఒక తీగ రెండు సెంటీమీటర్లు పొడుగైనా అన్న లేచాక గానీ తమ్ముడు కూర్చోడు. 2017లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.1లో నాలుగో జతకీ బొమ్మ మోసే పని పెట్టారు, సెకనుకు మొత్తం 48 గిగాబిట్లు, అంటే 4800 కోట్ల బిట్లు.

కేబుల్ చాలకపోతే రంగు వెలవదు. తెల్ల చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడి మళ్లీ వస్తుంది. పొడుగు పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువ. రెండు మీటర్లు చాలే చోట ఐదు మీటర్లది కొనకండి. మీది 4కే టీవీ అయితే అట్ట మీద 'ప్రీమియం హై స్పీడ్' అని ఉందో లేదో చూసుకోండి.

మరి బంగారం ఉత్తిదేనా? కాదు. ఉప్పుగాలి కొట్టే సముద్రపు ఊళ్లలో రాగి పచ్చబడుతుంది, బంగారం చెక్కుచెదరదు. అయితే ఆ పూత ఉండాల్సింది లోపలి 19 సన్నని పిన్నుల మీద. చాలా చవక కేబుళ్లకూ అక్కడ పలచగా అది ఉంటుంది. షాపులో మీకు మెరుస్తూ చూపించింది పైతొడుగు. అందులోంచి బొమ్మ చుక్క ఒక్కటి కూడా పోదు.