పాల గిన్నెలో గిర్నీ

హన్మకొండలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ఇటీవల ఒక ప్రశ్న అడిగింది: "పాల నిండా ప్రోటీన్ ఉండగా, ఆ ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు పెరుగు బ్యాక్టీరియాకు కరువని పుస్తకంలో ఎందుకు రాశారు సార్?" లాక్టోజ్ లాక్టిక్ ఆమ్లంగా మారే సంగతి అందరూ చదివినదే కనుక దానిని వదిలివేస్తాను. మన తరగతి గదులలో పెరుగు పాఠం ఆ చక్కెర దగ్గరే ఆగిపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

ఎనుమాముల మార్కెట్ నుంచి మక్కల బస్తాలు తెచ్చి ఇంటి నిండా పేర్చుకున్నా, గిర్నీలో పిండి పట్టించనిదే గడక ఉడకదు. పాలలో బ్యాక్టీరియా పరిస్థితీ అదే. లీటరు ఆవు పాలలో సుమారు 33 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అందులో దాదాపు 80 శాతం కేసీన్. బర్రె పాలలో ప్రోటీన్ ఇంకా ఎక్కువ. అయితే విడిగా దొరికే అమైనో ఆమ్లాలు, కొన్ని అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న గొలుసులు, అంటే పెప్టైడ్‌లు, చాలా స్వల్పం. కేసీన్‌లో ఒక రకమైన బీటా కేసీన్ 209 అమైనో ఆమ్లాల గొలుసు. అంత పొడవైన గొలుసు కణంలోకి దూరలేదు.

అందుకే పాలను తోడుపెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా తన గిర్నీని వాకిట్లోనే, అంటే కణ కవచం మీదనే, పెట్టుకుంది. అక్కడ ఉండే ప్రోటీనేజ్ అనే ఎంజైమ్ కేసీన్‌ను తునకలు చేస్తుంది. నాలుగు మొదలు పద్దెనిమిది, ఒక్కోసారి అంతకు మించిన అమైనో ఆమ్లాలున్న తునకలను కణపొరలోని రవాణా వ్యవస్థ లోపలికి చేరుస్తుంది. లోపలి పెప్టిడేజ్‌లు అనే ఎంజైమ్‌లు వాటిని విడి అమైనో ఆమ్లాలుగా విడగొడతాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. బీటా కేసీన్‌లో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం 35 చోట్ల ఉంది, గొలుసును వంచే ప్రోలిన్ దగ్గర మామూలు పెప్టిడేజ్‌లు పనిచేయవు. కనుక రెండవ స్థానంలో ప్రోలిన్ ఉన్న జంటను చివర నుంచి తుంచడానికే పెప్‌ఎక్స్ అనే ప్రత్యేక ఎంజైమ్ ఉంది. లోపల ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు చాలినంత పోగైనప్పుడు కోడ్‌వై అనే నియంత్రక ప్రోటీన్ ఈ పనికి చెందిన జన్యువులను అణచివేస్తుంది. ఇంత ఏర్పాటుతో బ్యాక్టీరియా పాలు తోడుకునేంతగా పెరగడానికి ఖర్చయ్యే కేసీన్ ఒక శాతం కూడా ఉండదు, అంటే లీటరుకు పావు గ్రాము!

గిర్నీ వాకిట్లో ఉండడం వల్ల పిండి పొరుగింటికీ ఎగిరిపోతుంది. ప్రోటీనేజ్ జన్యువు ప్రధాన క్రోమోజోమ్‌లో కాక తరచూ ప్లాస్మిడ్ అనే చిన్న విడి డీఎన్ఏ ముక్కలో ఉండడం వల్ల కొన్ని కణాలు దానిని పోగొట్టుకుంటాయి, అయినా పక్క కణాల తునకలతో బతుకుతాయి. కణాలు పలుచగా ఉన్నప్పుడు తునకలు పాలలో చెదిరిపోతాయి కనుక తన వాకిట్లో తాను విసురుకునే కణానిదే పైచేయి. కిక్కిరిసి ఉన్నప్పుడు గిర్నీ లేని వాటికి మేలు.

యోగర్ట్ అనే మరో రకం పెరుగులో ఈ ఇచ్చిపుచ్చుకోవడం రెండు బ్యాక్టీరియా జాతుల మధ్య జరుగుతుంది: లాక్టోబాసిల్లస్ బల్గారికస్ కేసీన్‌ను విడగొట్టి పెప్టైడ్‌లు అందిస్తే, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఫార్మిక్ ఆమ్లాన్ని, కార్బన్ డయాక్సైడ్‌ను తిరిగి ఇస్తుంది. దీపం పెట్టాక తోడు ఇవ్వకూడదన్న నమ్మకం మా వాడలో ఇంకా ఉంది. పెరుగు కుదరనప్పుడు ఆ వేళను తప్పుపట్టే వారిని నేను వేడి సంగతి చూడమని కోరుతాను. పుష్యమాసపు చలిలో మా అమ్మ గిన్నెకు పాత చీర ముక్క చుట్టి పొయ్యి పక్కన పెట్టేది, ఎందుకంటే చలికి ఈ ఎంజైమ్‌లన్నీ మందగిస్తాయి.

గిర్నీ వచ్చాక ఇంట్లోని ఇసుర్రాయి మూలపడినట్లే, పాలకు అలవాటు పడిన లాక్టోకాకస్ రకాలలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలను తయారుచేసే జన్యువులు చాలావరకు చెడిపోయి, జన్యురాశిలో అలాగే పడి ఉన్నాయి. మొక్కల మీద బతికే రకాలు మాత్రం వీటిని సొంతంగా తయారుచేసుకోగలవు. పెసర మొలకల నుంచి తీసిన అలాంటి ఒక రకాన్ని శాస్త్రవేత్తలు పాలలో 1000 తరాల పాటు పెంచి, 2012లో ఫలితాలు ప్రకటించారు: అది పాలను పులియబెట్టే వేగం పెరిగింది, మొక్కల చక్కెరల మీద పెరిగే శక్తి తగ్గింది.