తుండుగుడ్డ కింద బేరం

చిరంజీవులు బుజ్జికి, చిట్టికి తాతయ్య దీవెనలు. ఉభయకుశలోపరి.

బుజ్జీ, ఫోన్లో ఏదో ఆట ఆడుతూ 'ఐ అగ్రీ' అని నొక్కేశావట. ఆ ఆటవాళ్లొచ్చి పట్టుకుపోతారేమోనని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అమ్మ చెప్పింది. నవ్వొచ్చింది, ముచ్చటా వేసింది. మాటిచ్చి భయపడేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది!

ఒప్పందమంటే పెరుగు తోడు పెట్టడమే అనుకో. "ఈ కోడెని నాలుగొందలకిస్తా" అని ఒకడంటే అవి పాలు. "సరే" అని రెండోవాడంటే అది తోడు. "మూడొందల యాభైకైతే సరే" అన్నాడా, అది తోడు కాదు, వేరే గిన్నెలో వేరే పాలు.

చిన్నప్పుడు నాన్నతో పశువుల సంతకి వెళ్లేవాణ్ణి. అక్కడ దళారీ, రైతూ తుండుగుడ్డ కింద చేతులు దూర్చి వేళ్లు పట్టుకుని బేరమాడేవారు. నోట మాట లేదు, మొహంలో ఏమీ కనపడనిచ్చేవారు కాదు. నేను వంగి తుండు కిందికి చూడబోతే నాన్న చెవి మెలేశాడు. కాసేపటికి బయానా చేతిలో పడేది, పలుపు చేతులు మారేది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆ బేరాన్నీ ఒప్పుకుంటుంది. భూమి అమ్మకంలాంటివాటికి రాత, రిజిస్ట్రేషను కావాలిగానీ, ప్రతిదానికీ కాగితం అక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఉండాలి. ఊరికే సైకిలు కొనిపెడతానన్న మీ మామయ్య మాట కోర్టు మెట్లెక్కదు!

బెదిరించి 'సరే' అనిపిస్తే? సలసల కాగే పాలలో తోడేసినట్టే, విరుగుతాయి. అలా ఒప్పుకున్నవాడు దాన్ని కొట్టేయమని అడగొచ్చు.

ఇక నీ సంగతి. అలగకు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల మాట చట్టం కంటికి బియ్యం కడిగిన నీళ్లు. తెల్లగానే ఉంటాయి, ఎంత తోడేసినా పేరుకోవు. మతి స్థిమితంలో లేనప్పుడు పెద్దవాళ్ల మాటా అంతే. కలకత్తాలో 1895లో ఒక మైనరు కుర్రాడు వడ్డీవ్యాపారికి ఇరవై వేల రూపాయలకు ఇల్లు తాకట్టు రాశాడు. తగువు అప్పట్లో మన దేశానికి అన్నిటికన్నా పై కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. ఆ తాకట్టు అసలు పుట్టనే లేదని 1903లో తీర్పొచ్చింది. ఇచ్చిన డబ్బు కూడా వ్యాపారికి తిరిగి రాలేదు. వాడు మైనరని వ్యాపారి తరఫు మనిషికి ముందే తెలుసు మరి.

అలాగని కొట్టువాడి దగ్గర అరువు పెట్టి "నేను మైనర్ని" అనకండేం. అమ్మ కార్డు జోలికీ పోకండి. మీకు అవసరమైన తిండీ బట్టా ఇచ్చినవాడు మీ పేరున ఆస్తేదైనా ఉంటే అందులోంచి రాబట్టుకోవచ్చు కూడా.

చిట్టీ, పచ్చిపాలు తోడేయకపోయినా తోడుకుంటాయిగా అంటావేమో. నా పోలిక అక్కడికి పలచబడింది, వదిలెయ్. రాత్రి తోడు వేసేముందు అమ్మ చిటికెనవేలు పాలలో ముంచి చూస్తుంది. పక్కన నిలబడి చూడండి. తెల్లారి గిన్నె కదపకుండా మూత తీయండి. పాలు ఏ క్షణాన పెరుగయ్యాయో కనిపెడితే నాకు జాబు రాయండి. ఆ తుండు కింద బేరం ఏ వేలి దగ్గర కుదిరిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ తాతయ్య