సముద్రానికి చేపలు మోసుకెళ్ళాం: ఎరా, ల్యూరా అనే తగువు వెనక కథ

రెండేళ్ళ కిందట డిసెంబరులో నేనూ మా బావా హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో రెండు కిలోల కవ్వళ్ళు కొన్నాం. థర్మోకోల్ డబ్బాలో ఐసు మధ్య సర్దుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. విశాఖ నుంచి పడవ మీద వెళ్ళి, సముద్రం అడుగున రాళ్ళ దిబ్బలున్న చోట గాలం వేయాలని ప్లాన్. వాటినే మనవాళ్ళు రీఫ్ అంటున్నారు. అక్కడ ఎర దొరకదేమోనని మా భయం. కాజీపేట రాకముందే ఐసు కరిగి డబ్బా అడుగు నుంచి నీళ్ళు కారడం మొదలైంది. ఎదుటి బెర్తు మీదున్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఎక్కడికి నాయనా ఈ చేపలు?" అని అడిగింది. విశాఖపట్నానికని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు పడవాయన డబ్బా మూత తీసి చూసి నవ్వాడు. "ఇవెందుకు తెచ్చారు బాబూ, కిందున్నాయి కదా" అన్నాడు. ఒక దారానికి ఆరు చిన్న గాలాలు, ఒక్కో గాలానికి మెరిసే పోగు ముక్క. ఎర అనేదే లేదు. దాన్ని నీళ్ళలోకి వదిలి నాలుగుసార్లు ఎగరేసి లాగితే గుప్పెడు చిన్న చేపలు ప్రాణంతో వచ్చి బకెట్లో పడ్డాయి. వాటిలో ఒకదాన్ని పెద్ద గాలానికి గుచ్చి దిబ్బ మీదికి దించాడు. చేపను మోసగించే ఇలాంటి దొంగ ఎరనే ల్యూరు అంటారు. అంటే ఎర పట్టడానికి ల్యూరు, పెద్ద చేపను పట్టడానికి ఎర. ఈ రెండింట్లో ఏది గొప్పదని హైదరాబాద్‌లో గంటలకొద్దీ వాదించుకునే మాకు ఆ బకెట్ చూశాక నోట మాట రాలేదు. బావ పెట్టెలోని ఖరీదైన ల్యూర్లలో రెండింటిని ఆ పూటే రాళ్ళు మింగేశాయి.

గాలం వేసేవాళ్ళ మధ్య ఈ తగువు దాదాపు కులం పట్టింపులా ఉంటుంది. ఎర వేసేది చేతకానివాళ్ళని ల్యూరు వాళ్ళు అంటారు. బొమ్మలతో ఆడుకునే డబ్బున్న పిల్లలని ఎర వాళ్ళు అంటారు. కానీ పాత చరిత్ర తిరగేస్తే ఇందులో గొప్పా తక్కువా ఎక్కడా కనిపించలేదు నాకు. ఎర దొరకని చోట, దొరికినా నిలవని చోట, గుచ్చుకుంటూ కూర్చునే తీరిక లేని చోట ల్యూరు పుట్టింది. మిగతా పెద్దరికమంతా తర్వాత మనం అంటించుకున్నదే.

గాలం చాలా పాతది. జపాన్‌లో ఒకినావా దీవి గుహ ఒకదానిలో దొరికిన గవ్వ గాలాలకు దాదాపు 23,000 ఏళ్ళ వయసుంది. దొంగ ఎర గురించి రాతలో దొరికే తొలి ముచ్చట్లలో ఒకటి సుమారు 1,800 ఏళ్ళ కిందటిది, రోమన్ రచయిత ఈలియన్ రాసింది. మాసిడోనియాలో ఒక ఏటి దగ్గర చేపలు ఒక రకం ఈగను ఇష్టంగా తింటాయట. అయితే ఆ ఈగను చేత్తో ముట్టుకుంటే రంగు పోతుంది, రెక్కలు వాడిపోతాయి, చేప దాన్ని ముట్టదు. అందుకని అక్కడివాళ్ళు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టేవారు. మా థర్మోకోల్ డబ్బా కష్టమే వాళ్ళదీను, కాకపోతే వాళ్ళు మాకంటే తెలివిగా తప్పించుకున్నారు.

మన వైపు చూస్తే, ముంబై హైవే మీద జహీరాబాద్, హుమ్నాబాద్ దాటాక వచ్చే బసవకల్యాణ్ ఒకప్పుడు పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడి రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన సంస్కృత గ్రంథం మానసోల్లాసంలో గాలం వేటకు మత్స్యవినోదం అని ఏకంగా ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దానికి ఏ మేత వేయాలి అన్నవి అందులో వివరంగా ఉంటాయి. రాజుగారు ఎర మనిషే. చుట్టూ సేవకులుండి మేత కలిపి ఇస్తుంటే దొంగ ఎర అవసరం ఏముంటుంది?

పారిశ్రామిక కాలపు ల్యూర్ల వెనక కూడా ఇదే సంగతి. చెంచా ఆకారపు మెరిసే రేకుకు అమెరికాలో జూలియో బ్యూయెల్ 1852లో పేటెంట్ తీసుకున్నాడు. ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా అనే జాలరి 1936లో బెండును చేప ఆకారంలో చెక్కి, చాక్లెట్ల మీది మెరుపు కాగితం చుట్టి, ఫోటో నెగటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు. గుంపులో తడబడుతూ ఈదే చేప మీదికే పెద్ద చేప దూకుతుందని గమనించి, తన బొమ్మకూ ఆ తడబాటు నేర్పాడు. ఆయన సరదాకు చెక్కలేదు, చేపలు అమ్మితేనే ఇల్లు గడిచేది. రోజంతా గాలాలకు ఎర గుచ్చుకునే పని తగ్గితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఆయన లెక్క. ఇప్పుడు ఆ పేరున్న ల్యూరు చేతిలో ఉంటే ఎర వేసేవాడిని చిన్నచూపు చూస్తారు. ఆయన వింటే ఏమనేవాడో.

హైదరాబాద్ చేపల పిచ్చి చెరువులది. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మచ్లీ షికార్ అనే మాట నగరంలో ఇప్పటికీ వినిపిస్తుంది. బొచ్చెకూ రవ్వుకూ పిండి ముద్ద, కొర్రమీనుకు ఎర్రలు లేదా బతికున్న కప్ప అన్నది పాత పద్ధతి. కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, నాచు మధ్య కాపు కాస్తుంది. అందుకే రబ్బరు కప్ప వచ్చాక మన దగ్గర ల్యూరు మోజు దానితోనే అంటుకుంది. నాచు మీద కప్ప గెంతినట్టు లాగితే కింది నుంచి ఒక్క దూకు, టప్‌మని చప్పుడు. ఒక్కసారి చూసినవాడు ఆ చప్పుడు మరిచిపోడు. రాష్ట్ర చేప కూడా కొర్రమీనే కదా, ఆ గర్వం కూడా కొంచెం తోడైంది.

చెరువు మీద నేర్చిన ఆ చేతివాటంతోనే మేం సముద్రం మీదికి వెళ్ళాం. చిక్కంతా అక్కడే వచ్చింది. చెరువులో చేప మన కళ్ళ ముందు ఉంటుంది. రీఫ్ మీద నలభై, అరవై మీటర్ల లోతున రాళ్ళ సందుల్లో ఉంటుంది. అంత లోతుకు ఏది దించాలన్నా మధ్యలో ప్రవాహం ఉంది. నైలాన్ దారం ఉన్న రోజుల్లో అక్కడ ఎరదే రాజ్యం, దానికి కారణం దారమే. నైలాన్ సాగుతుంది. కింద చేప కొరికితే పైన చేతికి మెత్తగా, ఆలస్యంగా తెలుస్తుంది. మనం పైన కర్ర ఎగరేస్తే కింద ల్యూరు కదిలీ కదలనట్టు ఉంటుంది. ఎరకు ఆ బాధ లేదు, వాసన దాని పని అది చేసుకుపోతుంది. సీసం కట్టి దించి కూర్చుంటే చాలు.

1990ల్లో పాలీఎథిలిన్ పోగులతో అల్లిన దారం, మనవాళ్ళు బ్రెయిడ్ అనేది, గాలం వాళ్ళ చేతికి వచ్చింది. అదే బలానికి నైలాన్ కంటే చాలా సన్నం, సాగడం దాదాపు లేదు. సన్నం కాబట్టి ప్రవాహం దాన్ని అంతగా తోయలేదు. సాగదు కాబట్టి పైన చెయ్యి కదిలితే కింద ల్యూరు కదులుతుంది. జపాన్ వాళ్ళు దీన్ని పట్టుకుని సీసపు జిగ్‌లకు ఒక శాస్త్రమే తయారుచేశారు. జిగ్ అంటే వంద, రెండు వందల గ్రాముల చేప ఆకారపు లోహపు ముక్క. అది నిట్టనిలువుగా దిగి, ఎగిరి, పక్కకు వాలుతూ పడుతుంది. రీఫ్ మీద ఎరతో పోటీకి ల్యూరు నిలబడిందంటే దానికి బొమ్మ కంటే దారమే ఎక్కువ కారణం అంటాను నేను. బావ ఒప్పుకోడు, బొమ్మలకు అంత డబ్బు పోశాక ఎలా ఒప్పుకుంటాడు?

పడవ లంగరు వేసి నిలబడితే ఎర నయం, వాసన ప్రవాహంలో పోయి చేపను దిబ్బ దగ్గరికి రప్పిస్తుంది. పడవ కొట్టుకుపోతూ ఉంటే జిగ్ నయం, తక్కువ సేపట్లో ఎక్కువ చోటు వెతుకుతుంది. ఎర దించినప్పుడు పెద్ద చేప కంటే ముందు చిన్న దొంగలు చేరతాయి. ట్రిగ్గర్ చేపల్లాంటివి కొరుక్కుంటూ రెండు నిమిషాల్లో గాలం ఊడ్చిపెడతాయి, మనమేమో పైన ఖాళీ గాలంతో ఓపిగ్గా కూర్చుంటాం. ల్యూరుకు ఈ దొంగల బెడద తక్కువ. కాకపోతే రాయికి తగులుకుంటే పోయేది పావలా గాలం కాదు, బావ నెల బడ్జెట్.

ఎరా ల్యూరూ విడి విడి పార్టీలు కానవసరం లేదని లక్షద్వీప్‌లోని మినికాయ్ జాలర్లను చూస్తే తెలుస్తుంది. తెల్లారగట్ల మడుగులో, పగడపు దిబ్బల చుట్టూ చిన్న చేపలను వలతో పట్టి పడవలో నీళ్ళలో బతికించుకుంటారు. సూర చేపల గుంపు కనబడగానే వాటిని గుప్పిళ్ళతో విసిరి, పైన నీళ్ళు చిమ్ముతారు. గుంపు పిచ్చెత్తినట్టు తింటుంటే కర్రకు కట్టిన, వెనక్కి తిరిగిన ముల్లు లేని మెరిసే గాలం వేస్తారు. దానికి ఎర గుచ్చరు. చేపను గాల్లోకి లేపి పడవలో పడేస్తే గాలం దానంతట అదే ఊడిపోతుంది. రప్పించేది ఎర, పట్టేది మెరుపు. అయితే చిన్న చేపలు దొరకని రోజున ఆ వేట సాగదు.

చేపను వదిలేయాలా, వండుకోవాలా అన్న ప్రశ్న ఇటీవల ఈ తగువులో కొత్తగా దూరింది. ఎరను చేప మింగేస్తుంది, గాలం కడుపు దాకా పోతుంది. కదిలే ల్యూరును కొరుకుతుంది కాబట్టి గాలం ఎక్కువగా మూతికే తగులుతుంది. గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం ఎరతోనూ మూతి మూలకే పట్టుకుంటుంది. అమెరికాలోని గల్ఫ్ తీరంలో రీఫ్ చేపలకు సహజమైన ఎర వాడితే సర్కిల్ గాలమే వాడాలని, అదీ తుప్పు పట్టే రకమై ఉండాలని 2008లో నిబంధన పెట్టారు. తెగిపోయి చేప నోట్లో ఉండిపోయినా తుప్పుపట్టి రాలిపోవాలని. ల్యూరుకు ఆ నిబంధన లేదు. అండమాన్‌లో జెయింట్ ట్రెవల్లీ అనే పెద్ద చేప కోసం నీటి మీద చప్పుడు చేసే పాపర్ ల్యూర్లు విసిరి, ఫోటో దిగి వదిలేసే వేటకు మన నగరం నుంచీ జనం వెళ్తున్నారు. ల్యూరుకు పెద్దమనిషి తరహా వచ్చింది ఇటువంటి చోటనే.

అయితే లోతు విషయంలో ల్యూరుకూ మినహాయింపు లేదు. ఆ రోజు మధ్యాహ్నం బావ జిగ్‌తోనే ఒక గ్రూపర్ చేపను పట్టాడు. గాలం మూతికే ఉంది, రక్తం లేదు. చిన్నది కదా అని వదిలేశాం. యాభై మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి దాని లోపలి గాలితిత్తి ఉబ్బిపోయింది, కడుపు నోట్లోకి తోసుకొచ్చింది. కిందికి వెళ్ళలేక వెల్లకిలా తేలుతూ ఉండిపోయింది. పడవాయన ఒక నిమిషం చూసి, పడవ తిప్పి దాన్ని వలగరిటెతో తీసి బావ ముందు పెట్టాడు. "పులుసు పెట్టుకోండి బాబూ" అన్నాడు.