పాత రేడియో పలకకపోతే ముందే వాల్వ్ కొనకండి

అటక మీది వాల్వ్ రేడియో (ట్రాన్సిస్టర్ల బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడిచేది) దింపినవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "వాల్వ్ పోయిందండీ, ఎక్కడ దొరుకుతుంది?" పోయిందని ఎవరు తేల్చారంటే, ఎవరో అన్నారంటారు. ఆ ఎవరో మీటరు పెట్టి చూసి ఉండరు.

అపోహ: శబ్దం రాకపోతే వాల్వ్ పోయినట్టే.

వాస్తవం: పాత సెట్లలో తరచుగా పాడయ్యేవి పేపర్ కండెన్సర్లు. అందులోనూ స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వ్ గ్రిడ్‌కి (వాల్వ్‌లో కరెంటును అదుపు చేసే తీగ) వెళ్లే కప్లింగ్ కండెన్సర్ లీకైతే, దాని ముందున్న వాల్వ్ ప్లేట్ (కరెంటు చేరే లోహపు రేకు) వోల్టేజీ ఈ గ్రిడ్ మీదికి వచ్చేస్తుంది. కరెంటు హద్దు దాటి అవుట్‌పుట్ వాల్వ్ ప్లేట్ ఎర్రగా కాలుతుంది. అలాంటి సెట్‌లో కొత్త వాల్వ్ పెడితే అదీ పోతుంది.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్, ఈఎల్84 అనే అవుట్‌పుట్ వాల్వ్ ఉన్న సెట్‌లో ఆ వాల్వ్ తీసేసి కాసేపు ఆన్ చేయండి. మీటరు నల్ల ప్రోబ్ ఛాసిస్‌కి (సెట్ లోహపు చట్రం), ఎర్రది సాకెట్ 2వ పిన్నుకి, అంటే గ్రిడ్‌కి. పాజిటివ్ వోల్టులు చూపిస్తే తప్పు కండెన్సర్‌ది. తీసినప్పుడు సున్నా ఉండి, వాల్వ్ పెట్టి వేడెక్కాక వోల్టులు వస్తే వాల్వ్‌లో గ్యాస్ చేరిందని అనుమానించాలి. రెండుసార్లూ సున్నాయేనా? వాల్వ్ ఉంచే కాథోడ్ (ఎలక్ట్రాన్లు వెలువడే భాగం) రెసిస్టర్ మీద కొలవండి. ప్లేట్‌కి 250 వోల్టులు, రెసిస్టర్ 135 ఓములు అయితే 7 వోల్టుల చిల్లర రావాలి. బాగా తగ్గితే ఎమిషన్, అంటే ఎలక్ట్రాన్లు వెలువడటం, పడిపోయినట్టు.

ఒకాయన వాళ్ల నాన్నగారి సెట్ తెచ్చారు. కొత్త వాల్వ్ వేస్తే ప్లేట్ ఎర్రబడిందట. నకిలీదేమోనని ఇంకొకటి తెప్పించారు, అదీ అంతే. పాత బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వ్ మాత్రం పారేయబుద్ధి కాక న్యూస్‌పేపర్లో చుట్టి దాచారు. 630 వోల్టుల పాలిస్టర్ కండెన్సర్ ఒకటి మార్చి, ఆ పాతదే పెట్టాం. స్టేషన్ పలగ్గానే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుండిపోయారు. ఆయన టెన్షన్‌కి కారణం ఆ చిన్న కండెన్సరే.

హీటర్ వెలిగితే వాల్వ్ మంచిదేనంటారు. కాదు, హీటర్ తీగ తెగలేదని మాత్రమే అర్థం. చల్లగా ఉన్నప్పుడు హీటర్ ఒకటి రెండు ఓములు చూపిస్తే అది షార్ట్ కాదు. గాజు లోపలి వెండి పూత పాలలా తెల్లబడితే గాలి దూరినట్టు. ఆ వాల్వ్ ఇక పనికిరాదు.

యూసీఎల్82 లాంటి, పేరు యూతో మొదలయ్యే యూ సిరీస్ వాల్వుల సెట్లలో పైన చెప్పిన పరీక్ష వద్దు. హీటర్లన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఛాసిస్‌కే మెయిన్స్ తగలొచ్చు. ఏ సెట్ అయినా ప్లగ్ పీకాక, ఇంకా ఛార్జి పట్టి ఉంచే ఫిల్టర్ కండెన్సర్లను రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.