కొండ కింద ఏముంది? గురుత్వ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

భూపటలం డేటాతో గురుత్వ క్షేత్రం లెక్కగడతామని చెప్పగానే ఎక్కువమంది అనేది ఒకటే: "రాళ్ల బరువులు కూడటమే కదా!" కూడికే, కాదనను. ఏ అంకెలు కూడాలన్నదగ్గరే తంటా.

అపోహ: కొండ ఎంత పెద్దదైతే అంత గట్టిగా లాగుతుంది.

ఈ నమ్మకం 19వ శతాబ్దంలో మన దేశంలోనే బెడిసికొట్టింది. ముజఫర్‌నగర్ దగ్గరి కలియానా, సిరోంజ్ దగ్గరి కల్యాణ్‌పూర్. ఈ రెండు చోట్ల మధ్య అక్షాంశాల తేడా నేలమీది సర్వేలో ఒకలా, నక్షత్రాలు చూసి కడితే ఇంకోలా వచ్చింది. ఆ రెండు లెక్కలకూ 5.236 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను) తేడా. నక్షత్రాల కొలతలో నిట్టనిలువు దిశ చూపేందుకు వాడే, దారానికి వేలాడే గుండును హిమాలయాలు తమవైపు లాగుతున్నాయేమోనని కలకత్తా ఆర్చ్‌డీకన్ (చర్చి అధికారి) జాన్ ప్రాట్ కొండల ద్రవ్యరాశిని ముక్కలు ముక్కలుగా లెక్కవేశాడు. తేడా 15.885 ఆర్క్ సెకన్లు ఉండాలని తేలింది. అంటే మూడు రెట్లు! ఆయన కూడిక సరైనదే. ఆయన లెక్కలో చేర్చనిది కొండ కింద ఉంది. తేలికైన భూపటలం దాని కిందున్న బరువైన పొర, మాంటిల్‌లోకి వేరులా దిగి ఉంటుందని 1855లో బ్రిటిష్ ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ వివరించాడు. టిబెట్ కింద ఆ మందం సుమారు 70 కి.మీ. ఎత్తు ప్రభావం, పైనున్న రాతి ప్రభావం తీసేసి చూస్తే అక్కడ గురుత్వం దాదాపు 500 మిల్లీగాల్‌లు (ఒక మిల్లీగాల్ అంటే గురుత్వంలో సుమారు పది లక్షల్లో ఒక వంతు) తక్కువ కనిపిస్తుంది.

అపోహ: భూపటలం మ్యాప్ ఉంటే చాలు.

బాగా వాడుకలో ఉన్న ప్రపంచ భూపటలం మోడల్ క్రస్ట్ 1.0నే తీసుకోండి. ఒక్కో గడి ఒక డిగ్రీ, అంటే భూమధ్యరేఖ దగ్గర 111 కి.మీ. భూకంప తరంగాల కొలతలు లేనిచోట అలాంటి స్వభావమే ఉన్న వేరే ప్రాంతం అంకెలు పెట్టారు. డేటా అన్నంత మాత్రాన అంతా కొలిచిందే అనుకోకండి. సాంద్రత అయితే చాలావరకు తరంగ వేగాల నుంచి వేసుకున్న అంచనాయే. 10 కి.మీ. మందం పొరలో ఘనపు మీటరుకు 50 కిలోలు తప్పినా (రెండు శాతం కూడా కాదు) గురుత్వం 21 మిల్లీగాల్‌లు మారిపోతుంది. గురుత్వాన్ని కొలిచే గోచే ఉపగ్రహం 100 కి.మీ. స్థాయిలో ఒక్క మిల్లీగాల్‌ను పట్టుకోవాలని 2009లో ఎగిరింది. గ్రావీమీటరును (గురుత్వం కొలిచే పరికరం) ఒక అంతస్తు పైకి మోసుకెళ్తే రీడింగ్ తగ్గేది దాదాపు అంతే!

అందుకే నా దృష్టిలో ఈ మోడళ్ల అసలు ఉపయోగం వేరు. కొలిచినదాంట్లోంచి భూపటలం వాటా తీసేస్తే మిగిలేదే మాంటిల్ గురించి చెబుతుంది. మన డేటాలోని తప్పులు కూడా అందులోనే కలిసి ఉంటాయి, అదే టెన్షన్.

అపోహ: మోడల్ కొలతతో సరిపోయిందంటే కింద ఉన్నది అదే.

కాదు. లోతులో ఉన్న బరువైన ముద్ద, పైన పరుచుకున్న పలచని పొర పైకి ఒకేలా కనిపించవచ్చు.

అపోహ: శ్రీలంకకు దక్షిణాన సముద్రంలో "గురుత్వ రంధ్రం" ఉంది.

రంధ్రమేమీ లేదు. అక్కడ జియాయిడ్ (గురుత్వాన్ని బట్టి సముద్రమట్టం నిలిచే ఊహా ఉపరితలం) ప్రామాణిక దీర్ఘవృత్తజం (భూమికి లెక్కల కోసం తీసుకునే నునుపైన ఆకారం) కంటే 106 మీటర్లు కిందుంది. వేల కిలోమీటర్ల మేర పరుచుకున్న పల్లం కాబట్టి ఓడలో వెళ్లేవాళ్లకు ఏమీ తెలియదు. భూపటలం లెక్కతో ఇది తేలదు. మాంటిల్‌లోని వేడి, తేలికైన పదార్థమే కారణమని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు 2023లో చూపారు. అంతకుముందు వచ్చిన వివరణల్లో కొన్ని, లోతుకు కుంగిన పాత సముద్రపు నేలను కారణంగా చూపాయి.