బిడ్డ ఒక్కటే, ఫైళ్లు ఐదు: బహుళ వైకల్యాలున్న పిల్లల సేవలపై అపోహలు - వాస్తవాలు

ఫిట్స్, కాళ్ల బిగుతు, మింగడంలో ఇబ్బంది, మాట రాకపోవడం ఒకే బిడ్డలో ఉండొచ్చు. సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా లేకపోవడం) ఉన్న చాలామంది పిల్లల పరిస్థితి ఇదే. న్యూరాలజీ ఓపీ, ఫిజియోథెరపీ, అంగన్‌వాడీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం, పింఛను ఆఫీసు ఎవరి పని వాళ్లు చేస్తారు. ఒకచోట తెలిసిన సంగతి ఇంకోచోటికి చేరదు. బిడ్డ దెబ్బతినేది అక్కడే.

అపోహ: మాటిమాటికీ నెమ్ము చేస్తోందంటే ఊపిరితిత్తులు బలహీనం.

వాస్తవం: ముందు తిండి పెట్టే తీరు చూడండి. బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాలి ఉండగా ఉగ్గుగిన్నెతో జావ పోస్తే కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, కాబట్టి పొలమారలేదని ధీమా పడకూడదు. తిన్నాక గొంతు గురగురమనడం, పూట తిండికి అరగంట దాటడం, బరువు పెరగకపోవడం గుర్తులు. నడుము నిటారుగా, పాదాలకు ఆనిక ఉండేలా, గడ్డం కాస్త కిందికి వచ్చేలా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టాలి. జావ ఎంత చిక్కగా ఉండాలో స్పీచ్ థెరపిస్టు బిడ్డను చూసి చెప్పాలి. తినగానే పడుకోబెట్టొద్దు. యాంటీబయాటిక్ రాసే డాక్టరుకు ఈ తిండి సంగతి తెలియదు, కుర్చీ సరిచేసే ఫిజియోకు నెమ్ము సంగతి తెలియదు. ఆస్పత్రిలో చేర్చిన తేదీలన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ చూపించండి. సగం చికిత్స ఆ కాగితంలోనే ఉంటుంది.

అపోహ: ఫైలు లావుగా ఉంటే డాక్టర్లే చూసుకుంటారు.

వాస్తవం: రద్దీ ఓపీలో అది తిరగేసే తీరిక ఎవరికీ ఉండదు. పైన ఒక్క పేజీ పెట్టండి. జబ్బుల పేర్లు, తేదీతో సహా బరువు, మందులు, అలెర్జీలు, చివరిసారి ఫిట్స్ వచ్చిన రోజు, ఎలా తింటుంది, ఎవరికి ఫోన్ చేయాలి. మోతాదు మి.లీ.లో మాత్రమే రాయొద్దు. ఫిట్స్ మందుల్లో లెవెటిరాసెటామ్ సిరప్ సాధారణంగా 1 మి.లీ.లో 100 మి.గ్రా., వాల్ప్రోయేట్ సిరప్ 5 మి.లీ.లో 200 మి.గ్రా. అదే 5 మి.లీ. ఒకదానిలో 500 మి.గ్రా., ఇంకోదానిలో 200. సీసా మీద రాసిన బలం కూడా దించుకోండి. ఫిట్ 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలన్నది ఆ పేజీలోనే ఉండాలి, దాని కాపీ బడిలోనూ ఉండాలి.

అపోహ: వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులో ఒక డాక్టరు చూస్తే సరిపోతుంది.

వాస్తవం: కాళ్ల వైకల్యంతో పాటు వినికిడి లోపం ఉంటే రెండూ విడివిడిగా పరీక్షించాలి. రెండు శాతాలను మామూలుగా కూడరు. మొదటిది 60, రెండోది కూడా 60 అయితే రెండోదాన్ని 90లోంచి 60 తీసేయగా మిగిలిన 30తో గుణించి 90తో భాగిస్తారు. 20 వస్తుంది. మొత్తం 80. ఒక్కటే చూపించి 60తో సరిపెట్టుకుంటే, పాత ఆదాయపు పన్ను విధానంలో తల్లిదండ్రులకు 80 శాతం మీద రావాల్సిన 1,25,000 రూపాయల మినహాయింపు 75,000 దగ్గరే ఆగిపోతుంది. క్యాంపుకు వెళ్లేముందు ఆధార్‌లోని పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. చిన్నపిల్లల సర్టిఫికెట్లు చాలావరకు తాత్కాలికమే, గడువు తేదీ ఫోనులో పెట్టుకోండి.

అపోహ: సర్టిఫికెట్ వస్తే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి.

వాస్తవం: రావు. పింఛను, బస్సు పాసు, రైలు రాయితీ, నిరామయ అనే ఆరోగ్య బీమా దేనికదే దరఖాస్తు. నిరామయ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికే. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది, ఓపీ థెరపీ ఖర్చూ అందులో ఉంటుంది. థెరపీ బిల్లులు పారేయకండి. మార్చి 31తో ఏడాది ముగుస్తుంది, రెన్యువల్ మరిచిపోవద్దు.

అపోహ: కన్నవాళ్లం, ఎప్పటికీ మేమే గార్డియన్లం.

వాస్తవం: 18 నిండితే చట్టం దృష్టిలో మీ బిడ్డ పెద్దవాడే. బ్యాంకు ఖాతా, ఆస్తి కాగితాల దగ్గర మీ సంతకం ఆగిపోతుంది. నిరామయ దగ్గర చెప్పిన నాలుగు వైకల్యాలవారికి 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద స్థానిక స్థాయి కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. కలెక్టరు అందులో ఉంటారు. 17వ ఏట నుంచే కాగితాలు సమకూర్చుకోండి. పిల్లల విభాగం నుంచి పెద్దల న్యూరాలజీకి మారడం కూడా ఆ దరిదాపుల్లోనే రావచ్చు, రెండూ ఒకేసారి మీదపడితే మందు ఆగిపోయే ప్రమాదం ఉంది. పాత డాక్టరు దగ్గర కనీసం నెల మందు తీసుకుని, ఆ తర్వాతే కొత్త చోటికి వెళ్లండి.