సముద్రం లేని ఊళ్లో ఆక్టోపస్

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

స్పెయిన్‌కి వాయవ్య మూలన, పోర్చుగల్‌కి సరిగ్గా పైన గలీసియా అనే ప్రాంతం ఉంది. దాని రాజధాని సాంటియాగో దె కాంపొస్తెలాకి వెయ్యేళ్లకు పైగా క్రైస్తవ యాత్రికులు కాలినడకన వస్తున్నారు. మీలో ఎవరైనా చదువుకో ఉద్యోగానికో యూరప్ వెళ్లి, సెలవుల్లో అటువైపు పోతే ఏం తినాలో చెబుతాను.

ముందు ఆక్టోపస్. అప్పుడే మొహం చిట్లించకండి! గలీసియాకి పొడవైన సముద్రతీరం ఉంది కదా, మరి ఆక్టోపస్ వండటంలో పేరున్న ఊరేమో కార్బయిన్యో. అక్కడ సముద్రమే లేదు. ఆగస్టు రెండో ఆదివారం ఆక్టోపస్ జాతర జరిగేది కూడా అక్కడే. దగ్గర్లోని ఓసెయిరా మఠానికి తీరంలో భూములుండేవి. అక్కడి నుంచి శిస్తు కింద ఎండబెట్టిన ఆక్టోపస్ వచ్చేదట. ఎండినది కాబట్టి ఎంత దూరమైనా పాడవకుండా వెళ్లేది. అలా లోపలి ఊళ్ల సంతల్లో దాన్ని వండి అమ్మే ఆడవాళ్లు తయారయ్యారు. వాళ్లని పుల్పెయిరాలు అంటారు.

వాళ్లు వండే పద్ధతి చూసి తీరాలి. పెద్ద రాగి డేగిసాలో నీళ్లు తెర్లుతుంటాయి. ఆక్టోపస్‌ని తలకాయ దగ్గర పట్టుకుని మూడుసార్లు ముంచి తీస్తారు. దీన్ని 'భయపెట్టడం' అంటారు. కాళ్లు ముడుచుకుంటాయి, తోలు ఊడిపోకుండా ఉంటుంది. ఉడికాక కత్తెరతో చక్రాల్లా కత్తిరించి, చెక్క పళ్లెంలో వేసి, కల్లుప్పు, ఎర్ర మిరపపొడి, ఆలివ్ నూనె చల్లుతారు. మసాలా అంటే అంతే. పుల్లతో గుచ్చుకుని తినాలి. ఆక్టోపస్ తింటూ నీళ్లు తాగితే కడుపులో ఉబ్బుతుందని పెద్దవాళ్లు బెదిరిస్తారు కానీ, అది వైన్ తాగడానికి సాకని నా అనుమానం. ఇంకో మాట, ఇప్పుడు అక్కడ వండే ఆక్టోపస్‌లో చాలా భాగం మొరాకో, మారిటేనియా తీరాల నుంచి వస్తుంది.

ఆ మిరప కూడా ఊరిది కాదు. అమెరికా ఖండం నుంచి స్పెయిన్‌కి వచ్చింది. మన ఊరగాయల్లో కారం అక్కడిదే, కాకపోతే మనకు తెచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లు. గలీసియాలోని పద్రోన్ అనే ఊరి పక్కన ఎర్బోన్ మఠంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు మెక్సికో విత్తనాలు నాటారని చెబుతారు. వేలెడంత పచ్చి మిరపకాయల్ని నూనెలో వేయించి ఉప్పు చల్లి ఇస్తారు. 'కొన్ని మండుతాయి, కొన్ని మండవు' అని అక్కడ సామెత. మన నాలుకకి పెద్ద టెన్షన్ ఏమీ ఉండదు.

పెర్సెబెస్ అని రాళ్లకు అతుక్కుని పెరిగే సముద్రజీవులున్నాయి. చూడ్డానికి అసహ్యంగా ఉంటాయి, ధర మాత్రం చుక్కల్లో ఉంటుంది. అలలు విరుచుకుపడే రాళ్ల మీదికి దిగి, నడుముకి తాడు కట్టుకుని కోసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఆ ధర ఎక్కువని నేననను. తోలు తిప్పి లాగేటప్పుడు నీళ్లు చిమ్ముతాయి, చొక్కా జాగ్రత్త.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కాల్దో అనే సూప్‌లో ఆకుకూర, బీన్స్, బంగాళాదుంపలే కనిపిస్తాయి. కానీ దాని రుచంతా నిల్వబెట్టిన పంది కొవ్వుది. అడక్కుండా చెంచా ముంచకండి.

చివర్లో తీపి. సాంటియాగో కేకులో మైదా ఉండదు. బాదంపొడి, పంచదార, గుడ్లు, అంతే. గలీసియా వానలకు బాదం సరిగ్గా పండదు, బయటి నుంచే రావాలి. పైన పంచదార పొడితో శిలువ గుర్తు ఉంటుంది. అది అనాదిగా వస్తున్నదనుకుంటారు కానీ, 1924లో సాంటియాగోలోని ఒక మిఠాయి దుకాణం మొదలుపెట్టింది. గుడ్డు కూడా ముట్టనివాళ్లు మాత్రం ఆ మిరపకాయలతో, బ్రెడ్డుతో సరిపెట్టుకోవాలి. అక్కడి బ్రెడ్డు బాగానే ఉంటుంది లెండి.

మీ తాతయ్య